గేటు లోపలి ఓరుగల్లు

బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్రమాస సాయంత్రం హన్మకొండలో వెయ్యి స్తంభాల గుడి ముందు నిలబడితే ఊరు మొత్తం నడిచొస్తున్నట్టు ఉంటుంది. తలమీద బతుకమ్మలతో ఆడవాళ్లు వస్తారు. వాళ్ల కొంగు పట్టుకుని పిల్లలు, వెనకాల బండి ఎక్కడ పెట్టాలా అని వెతుకుతూ మగవాళ్లు. ఆ పూట అక్కడికి చేరే ప్రతి బతుకమ్మ వెనక ఒక ఇంటిల్లిపాది పని ఉంటుంది. పొద్దున్నే చెరువు గట్టు మీద గునుగు కోసుకొచ్చిందొకరు, తంగేడు కట్టలు విప్పిందొకరు. గునుగు చివర్లు సమంగా కత్తిరించి రంగునీళ్లలో ముంచే పని పిల్లలది. తాంబాళంలో వరస తప్పకుండా పేర్చే పని అమ్మమ్మది. ఎవరూ టికెట్ కొనరు, వేదిక మీద ముఖ్య అతిథి ఉండడు. చూసేవాళ్లు, ఆడేవాళ్లు అని రెండు వర్గాలూ ఉండవు.

సద్దుల బతుకమ్మతో తొమ్మిది రోజులూ పూర్తవుతాయి. ఆ తర్వాత ఇవే కుటుంబాలకు ఏడాది పొడవునా యాభై ఆదివారాలు మిగులుతాయి. వాటిలో ఎక్కువ భాగం షాపింగ్ మాల్ ఎస్కలేటర్ మీద, బిర్యానీ హోటల్ వెయిటింగ్ కుర్చీల్లో, లేదంటే ఎవరి ఫోన్‌లో వాళ్లు తలదూర్చి గడిచిపోతున్నాయి. తప్పు తల్లిదండ్రులది కాదు. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు ఈ ఊళ్లో లేరు. వెళ్లదగ్గ చోట్లు మాత్రం ఉన్నాయి. చాలానే ఉన్నాయి.

వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన ఈ త్రినగరి చదువుల మీద బతికే ఊరు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ నేటి నిట్. పాతవాళ్ల నోట ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే వస్తుంది. కాకతీయ మెడికల్ కాలేజీదీ అదే సంవత్సరం. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక కవి కాళోజీ పేరుతో ఆరోగ్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే వెలిసింది. హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, కోచింగ్ సెంటర్లు, అద్దె గదులు... వేల ఇళ్లలో పొయ్యి వెలిగేది విద్యార్థుల రాకపోకల వల్లే. 2022లో యునెస్కో ప్రపంచ అభ్యసన నగరాల జాబితాలో వరంగల్‌కు చోటు దక్కింది. పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా అన్ని వయసుల వారికీ నేర్చుకునే వీలు కల్పించే నగరం అని దాని అర్థం. ఆ మాటను నిజం చేయాల్సిన బాధ్యత ఊరిమీద ఉంది. ముందుగా కాలేజీల మీద ఉంది.

ఏ ప్రాంగణం ముందు చూసినా గేటు, గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగే మనిషి. లోపల ఫెస్టులు జరుగుతాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు నాటకాలు వేస్తారు, రోబోలు నడిపిస్తారు, ఫొటో ప్రదర్శనలు పెడతారు. ప్రహరీకి ఇవతల నివసించే ఎనిమిదో తరగతి అమ్మాయికి మాత్రం రాత్రిపూట స్పీకర్ల మోత తప్ప ఇంకేమీ అందదు. ఆ అమ్మాయి ఒక్కసారి ఆ రోబో ముందు నిలబడి, దాన్ని తయారు చేసిన అన్నను రెండు ప్రశ్నలడిగితే వచ్చే ఉత్సాహం ఏ ట్యూషన్‌లోనూ దొరకదు.

ఈ ఊరికి ఇప్పుడు మంచి నాటకశాల కూడా ఉంది. కాళోజీ శతజయంతి నాడు, 2014 సెప్టెంబరు 9న, కాళోజీ కళాక్షేత్రానికి పునాదిరాయి పడింది. తలుపులు తెరుచుకున్నది 2024 నవంబరు 19న. మధ్యలో పదేళ్లు గడిచాయి. పునాది నాడు చంకలో ఉన్న బిడ్డ ప్రారంభం నాటికి హైస్కూలు చేరువలోకి వచ్చేసింది. కట్టడానికి పట్టిన కాలం గురించి ఇప్పుడు వాదించి లాభం లేదు. ఇకముందు ఆ హాలు ఎవరికి పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న. సన్మానాలు, సభలు, బదిలీ అయిన అధికారుల వీడ్కోళ్లు ఎలాగూ జరుగుతాయి. అయితే సామాన్యుడి గొడవనే తన గొడవ అనుకున్న కవి పేరు పెట్టుకున్న చోట నెలకు ఒక్క ఉదయమైనా పిల్లల కోసం ఉండాలి. నెల మొదట్లోనే కార్యక్రమాల పట్టిక గోడమీద అంటించాలి. ఏ రోజు ఏముందో కూరగాయల మార్కెట్‌కు వెళ్లే మనిషికి కూడా తెలియాలి.

ఏం చూపిస్తారు అని ఎవరైనా అడిగితే, పేరిణి నాట్యంతో మొదలుపెట్టవచ్చు. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. ఆ కాలంలోనే, 1213లో, రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. నాట్యం మీద రాసిన గ్రంథం ఒకచోట, రాతిలో నిలిచిపోయిన నర్తకులు ఇంకోచోట. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, కాలంలో కలిసిపోయిన పేరిణికి మళ్లీ ప్రాణం పోసినవారు నటరాజ రామకృష్ణ. రామప్పకు 2021 జులైలో ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు ఊరంతా సంబరపడింది. అంతటి గుడి గోడల మీద కనిపించే భంగిమను కళ్లెదుట కదులుతుండగా చూసిన పిల్లలు ఎందరున్నారు? యుద్ధానికి వెళ్లేముందు వీరులు శివుడి ముందు ఆడేవారని చెప్పుకొనే నాట్యమిది. మృదంగం జోరందుకున్న కొద్దీ నర్తకుడి మడమ నేలను కొడుతుంటే ఆ అదురు ముందు వరసలో కూర్చున్నవాళ్ల అరికాళ్లకు తెలుస్తుంది. యూట్యూబ్‌లో ఆ అదురు రాదు. విద్యారణ్య సంగీత నృత్య కళాశాల ఇదే నగరంలో ఉంది. కళాకారుల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు.

రెండో నెలలో చేర్యాల పటం తెప్పించాలి. 2016లో జిల్లాలు విడదీసేదాకా చేర్యాల వరంగల్ జిల్లాలోదే. ఇప్పుడు సిద్దిపేటలో ఉన్నా బంధుత్వం ఎక్కడికీ పోలేదు. ఆ పటం తయారీని దగ్గర నుంచి చూస్తే పిల్లలు కదలరు. ముందు ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల ముద్ద, చెట్టు జిగురు కలిపి పూత వేస్తారు. అది ఆరాక మళ్లీ ఒకటి, దాని మీద ఇంకొకటి. మూడు పూతలు పడ్డాక బట్ట గట్టిగా, నున్నగా తయారవుతుంది. నకాశీ చిత్రకారుడు కుంచెతోనే తిన్నగా గీత గీస్తాడు. వెనకంతా నిండు ఎరుపు నింపాకే మనుషులకు, పశువులకు, దేవుళ్లకు ఒక్కో రంగూ వస్తుంది. అలా గడుల వరసగా పొడవాటి పటం మీద ఒక కులం పుట్టుక కథ మొత్తం దిగుతుంది. కాకి పడగల వాళ్లు ముదిరాజులకు, కూనపులి వాళ్లు పద్మశాలీలకు, గౌడజెట్టి వాళ్లు గౌడలకు ఆ పటం వేలాడదీసి, కర్రతో ఒక్కో గడినీ చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవారు. సినిమా రాకముందు పల్లెకు అదే సినిమా. కథ చెప్పే కుటుంబం మారితే కథా మారేది. ఊళ్లోని చాలా కులాలకు తమ మూలం చెప్పే బొమ్మ ఒకటి ఉండేది.

ఇప్పుడు కథ వినే రాత్రులు తగ్గాయి. అందుకే పటాలూ కురచబడ్డాయి. ఒక్క గడి బొమ్మలు, చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపి చేసే మాస్కులు, గోడకు తగిలించుకునే అలంకరణలు అమ్ముడుపోతున్నాయి. అవి కళాకారుడికి అన్నం పెడుతున్నాయి కాబట్టి వాటిని తక్కువ చేయడానికి లేదు. అయినా బొమ్మను కథ నుంచి విడదీస్తే సగమే మిగులుతుంది. పటం, కథకుడు ఒకే వేదిక మీద కనిపించేలా ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. ఒక ఫెస్టులో సౌండ్ సిస్టమ్‌కు పెట్టే డబ్బు చాలు. ఆ తర్వాత పిల్లలకు తలా ఒక గుడ్డముక్క, కాస్త ఎరుపు రంగు ఇచ్చి కూర్చోబెడితే మధ్యాహ్నం దాకా ఫోన్ గుర్తుకు రాదు.

చుట్టుపక్కల ఇంకెంత ఉందో! హైదరాబాద్ దారిలో పెంబర్తి ఇత్తడి పని. కొత్తవాడలో మగ్గాల మీద నేసే జంపఖానాలు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి, ఈ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య ఒగ్గుకథను దేశం నలుమూలలా వినిపించారు. మిమిక్రీని కళగా నిలబెట్టి, 1971లో ఐక్యరాజ్యసమితి దాకా తీసుకెళ్లిన నేరెళ్ల వేణుమాధవ్ ఈ ఊరి మనిషే. తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. హన్మకొండ రాజరాజనరేంద్ర భాషానిలయం 1904 నాటిది. నిజాం పాలనలో తెలుగు చదువుకోవడమే ఒక పోరాటంగా ఉన్న రోజుల్లో తెరిచిన గ్రంథాలయం అది.

కాకతీయుల కోట ఖిలా వరంగల్ దగ్గరికి వద్దాం. నాలుగు కీర్తితోరణాల నడుమ స్వయంభూ దేవాలయం శిథిలాలు పరుచుకుని ఉంటాయి. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. స్కూలు పుస్తకం మీద, ఆఫీసు కాగితం మీద పిల్లలు రోజూ చూసే బొమ్మ. అసలు తోరణం కింద నిలబడి మెడ వెనక్కి వంచి చూసినప్పుడు వాళ్ల ముఖాలు ఎలా మారతాయో చూడాలి. ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. ఇంత రాయి పైకెట్లా ఎక్కించారు? గుడి ఎవరు కూల్చారు? చుట్టూ రాతి కోట ఉంటే మళ్లీ మట్టి కోట ఎందుకు? తండ్రి బోర్డు వైపు చూస్తాడు. బోర్డులో రాజు పేరు, శతాబ్దం, శిల్పశైలి పేరు ఉంటాయి. పిల్లాడి ప్రశ్నకు జవాబు ఉండదు. పెద్దలు కూడా రెండోసారి చదివితే తప్ప అర్థం కాని తెలుగు అది.

ఎక్కడో లోపం ఉందని చెప్పడానికి ఆ బోర్డు ఒక్కటి చాలు. పదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా నాలుగు వాక్యాలు రాయడానికి ఈ ఊళ్లో మనుషులు లేరా? విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖ ఉంది, తెలుగు శాఖ ఉంది. సివిల్ ఇంజినీరింగ్ చదివే వందల మంది ఉన్నారు. కాకతీయులు పునాదిలో ఇసుక నింపి దాని మీద అంత బరువు ఎలా నిలబెట్టారో ఒక బకెట్ ఇసుక, ఒక ఇటుక పెట్టి పావుగంటలో చూపించగలరు. రామప్ప శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయంటే ఎందుకు తేలతాయో చెప్పగలరు. వెయ్యి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విడదీసి, ఏళ్ల తరబడి శ్రమించి, మళ్లీ పేర్చి 2024 శివరాత్రి నాడు తెరిచారు. రాళ్లకు అంకెలు వేసి, విప్పి, తిరిగి అదే చోట కూర్చోబెట్టే ఆ పని మొత్తం ఊరి నడిబొడ్డున జరిగింది. అదొక గొప్ప పాఠం. దాన్ని బొమ్మలతో, చిన్న నమూనాతో అక్కడే ఒక మూల చూపిస్తే ఏ సైన్సు మ్యూజియానికీ తీసిపోదు.

భద్రత సంగతేమిటని కాలేజీల పెద్దలు అడుగుతారు. పరీక్షలున్నాయి, ప్రయోగశాలల్లో ఖరీదైన యంత్రాలున్నాయి, ఆడపిల్లల హాస్టళ్లున్నాయి అంటారు. ఆ మాటల్లో నిజముంది. రోజూ గేట్లు బార్లా తెరవమని ఎవరూ అనడం లేదు. నెలకు ఒక ఆదివారం, ఒక బ్లాకు, ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, పేర్లు రాయించుకుని లోపలికి పంపితే ఏ హాస్టల్‌కూ ఇబ్బంది రాదు. కాశీలో హిందూ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనే భారత కళాభవన్ ఉంది. ఊరివాళ్లు, యాత్రికులు వెళ్లి చూసి వస్తుంటారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆష్మోలియన్ మ్యూజియం 1683 నుంచి జనానికి తెరిచి ఉంది. ఇప్పటికీ లోపలికి ఉచితమే. విశ్వవిద్యాలయానికి ఊరితో పొత్తు ఉంటే చదువు చెడిపోతుందని ఆ రెండు చోట్లా ఎవరికీ అనిపించలేదు.

మనుషుల కొరత అనే మాట అసలు నిలబడదు. జాతీయ సేవా పథకంలో చేరిన ప్రతి విద్యార్థీ ఏడాదికి 120 గంటలు సేవ చేయాలన్నది నియమం. ఆ గంటలు చాలాచోట్ల మొక్కలు నాటడంలో, ర్యాలీలలో గడుస్తాయి. మంచి పనులే. అందులో ఇరవై గంటలు ఖిలాలో, వెయ్యి స్తంభాల గుడిలో పిల్లలకు కథ చెప్పడానికి కేటాయిస్తే వారాంతాల్లో వందల మంది చిన్న మార్గదర్శకులు తయారవుతారు. గుంటూరు నుంచో, బిహార్ నుంచో వచ్చిన విద్యార్థి కూడా తాను నాలుగేళ్లు బతికిన ఊరి గురించి తెలుసుకుని వెళ్తాడు. అలా తెలుసుకోకుండా పట్టా తీసుకుని రైలెక్కేవాళ్లే ఇప్పుడు ఎక్కువ.

వీటన్నిటికీ ముందు తేలాల్సిన చిన్న విషయాలున్నాయి. పసిపిల్లతో వచ్చిన తల్లికి కూర్చునేందుకు నీడ కావాలి. తాగే నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. ముసలివాళ్లను ఎక్కించేందుకు మెట్ల పక్కన పట్టుకునే కడ్డీ కావాలి. ఇవి లేని చోటికి కుటుంబం ఒకసారి వస్తుంది, రెండోసారి రాదు. మాల్‌కు జనం వెళ్లేది వస్తువుల కోసమే కాదు. అక్కడ ఈ నాలుగూ దొరుకుతాయి. నగరపాలక సంస్థ, పర్యాటక శాఖ, పురావస్తు శాఖ ఒక్క బల్ల దగ్గర కూర్చుంటే ఒక వేసవిలో అయ్యే పనులివి.

పాలకులు తేల్చేదాకా తల్లిదండ్రులు ఆగాల్సిన పని లేదు. వచ్చే ఆదివారం ఎండ ముదరకముందే నీళ్ల సీసాలు, నాలుగు అటుకుల పొట్లాలు పట్టుకుని పిల్లలతో ఖిలాకు వెళ్లండి. తోరణం కింద నిలబెట్టి, రాష్ట్ర చిహ్నమున్న ఏదో ఒక కాగితం చేతికిచ్చి రెండూ పోల్చి చూడమనండి. పదిహేనేళ్లలోపు పిల్లలకు అక్కడ టికెట్ లేదు.