కేశరక్షణ – దినచర్య : శాస్త్రపఠనంలో ఒక విస్మృతి

కేశసంరక్షణను గురించి ఆయుర్వేద గ్రంథాలు చెప్పిన మాటలకు నేడు లభించినంత ప్రచారం ఆ గ్రంథాలలోని మరే విషయానికీ లభించలేదు. తలనూనె సీసాలపైన, పత్రికల ప్రకటనలలో చరక వాగ్భటుల పేర్లు విరివిగా కనబడుతున్నాయి. భృంగరాజం, ఆమలకి, నీలి అనే సంస్కృత నామాలు సంస్కృతం రానివారి నోట కూడా నలుగుతున్నాయి. ఇది సంతోషింపదగినదే. అయితే ఈ ప్రచారంలో ఉదాహృతమయ్యేది ప్రకరణంలోని ఒక్క వాక్యం మాత్రమే. ఆ వాక్యానికి ముందున్నదేమి, వెనుకనున్నదేమి అన్న విచారణ లేదు. ప్రకరణాన్ని విడిచి వాక్యార్థాన్ని నిర్ణయించరాదని మీమాంసకులు ఎన్నడో చెప్పారు. వ్యాపారులు ఆ నియమాన్ని పాటింపకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఉభయభాషలూ అభ్యసించిన పండితవర్గం ఈ విషయంలో మౌనం వహించడమే విచారణీయం.

చరకసంహిత సూత్రస్థానంలోని ఐదవ అధ్యాయాన్ని చూడవచ్చు. ప్రతిదినం శిరస్సుకు తైలం పట్టించుకొనేవానికి శిరోవేదన కలుగదనీ, జుట్టు ఊడదనీ, నెరయదనీ, కుదుళ్ళు గట్టిపడతాయనీ, సుఖనిద్ర పడుతుందనీ చెప్పిన ప్రసిద్ధ సందర్భం అక్కడిదే. ఆ అధ్యాయం పేరు మాత్రాశితీయం. మితంగా భుజించడమన్న విషయంతో అది ఆరంభమవుతుంది. ఆహారపరిమాణాన్ని నిర్ణయించిన తరువాత అంజనం, ధూమపానం, నస్యం, దంతధావనం, గండూషం వరుసగా వచ్చి, ఆ మీదట శిరస్తైలం ప్రసక్తమవుతుంది. అది అక్కడ ఆగదు. చెవులకు, శరీరానికి, పాదాలకు తైలం, స్నానం, నిర్మలవస్త్రం, పాదరక్షలు, గొడుగు, చేతికర్ర, చివరకు ధర్మవిరుద్ధం కాని వృత్తితో జీవించవలెనన్న విధి. అన్నంతో మొదలై జీవనోపాయంతో ముగిసిన ఆ సుదీర్ఘసూత్రంలో తలనూనె ఒక పూస. దానినొక్కదానినే తెంపి తెచ్చుకొని సూత్రమంతటి ఫలాన్ని ఆశించడం నేటి పద్ధతి.

అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయం ఇంకను స్పష్టమైనది. బ్రాహ్మీముహూర్తంలో మేల్కొనడంతో మొదలై అభ్యంగం, వ్యాయామం, ఉద్వర్తనం, స్నానం అనే క్రమంలో అది సాగుతుంది. నిత్యం అభ్యంగం చేసుకోవలెననీ, విశేషించి శిరస్సుకు, చెవులకు, పాదాలకు చేసుకోవలెననీ విధించిన వాగ్భటుడే కఫప్రకోపం ఉన్నవారు, శోధనచికిత్స పొందినవారు, అజీర్ణంతో బాధపడుతున్నవారు దానిని మానవలెనని నిషేధించాడు. విధి అందరికీ కంఠస్థం. నిషేధం ఏ సీసాపైనా కనబడదు. వేడినీరు మెడకు క్రింది భాగానికి బలకరమనీ, శిరస్సుపై పోసుకొంటే జుట్టుకు, కన్నులకు బలహానికరమనీ కూడా ఆయన చెప్పాడు. భోగినాడు పొగలుగ్రక్కే నీళ్ళతో తలంటు పోసే తెలుగు ఇళ్ళకు ఈ మాట అంతగా రుచింపకపోవచ్చు! స్నానవిధి ముగిసిన పిమ్మట అధ్యాయం హింస, చౌర్యం, పరుషవాక్యం మొదలైన పదివిధాల పాపకర్మల పరిత్యాగానికి మరలుతుంది. తన రేయింబవళ్ళు ఏ స్థితిలో గడుస్తున్నవో నిత్యం స్మరించుకొనేవాడు దుఃఖభాజనుడు కాడన్న భావంతో ముగింపునకు వస్తుంది. తైలం, ఆత్మపరిశీలన ఒకే అధ్యాయంలో ఉండటం గ్రంథకర్త అనవధానం వల్ల జరిగినది కాదు.

ఈ సంబంధం నిదానంలోనూ ఉన్నది. క్రోధం, శోకం, శ్రమ అనేవాటి వల్ల పుట్టిన శరీరోష్మం పిత్తంతో కూడి శిరస్సును చేరి జుట్టును పండిస్తుందని సుశ్రుతుని మతం. క్షారాన్ని, లవణాన్ని అతిగా వాడే జనపదాలవారికి అకాలంలో బట్టతల, నెరపు, ముడుతలు సంభవిస్తాయని చరకుడు విమానస్థానంలో దేశాల పేర్లతో సహా పేర్కొన్నాడు. కేశం అస్థిధాతువుకు మలమని శాస్త్రం చెబుతుంది. మలమైనదానిపై ఇంత శ్రద్ధ దేనికన్న ప్రశ్న రావచ్చు. లోపలి ధాతువు స్థితిని వెలుపల తెలిపేది కనుకనే ఆ శ్రద్ధ. వారం వారం తలంటుకొని ఏళ్ళతరబడి పెంచుకొన్న జుట్టును తిరుమల కల్యాణకట్టలో తలనీలాలుగా క్షణంలో సమర్పించే గృహిణి ఈ రెండు దృష్టులను ఏ భాష్యం చదువకుండానే సమన్వయించుకొన్నది.

తీవ్రజ్వరం, ప్రసవం, గాఢమైన మనస్తాపం సంభవించిన రెండు మూడు నెలలకు జుట్టు విశేషంగా రాలుతుందని ఆధునిక వైద్యులు కూడా అంగీకరిస్తారు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ సోకి కోలుకొన్న పలువురు దీనిని స్వయంగా అనుభవించారు. ఎలుకలలో తీవ్రమైన ఒత్తిడి నాడుల ద్వారా వర్ణకణాల మూలకణాలను క్షీణింపజేసి రోమాలను నెరపజేస్తుందని 2020లో హార్వర్డ్ పరిశోధకులు నిరూపించారు. దీనిని చూపి సుశ్రుతుడు సర్వమూ ముందే చెప్పాడని చాటడం తొందరపాటు. పిత్తం, వర్ణకణం ఒకటి కావు. ఎలుక, మనిషి ఒకటి కారు. మనఃస్థితికీ కేశస్థితికీ సంబంధమున్నదన్న పరిశీలన ప్రాచీనమనీ, దాని వివరణ మాత్రం వేరనీ చెప్పడం వరకే న్యాయం.

దినచర్య గ్రంథాలకే పరిమితమైన ఆదర్శం కాదనడానికి విజయనగరం సాక్ష్యం ఒకటున్నది. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని దర్శించిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలంతా నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, ఆ నూనె చెమటగా వెలువడేవరకు సాధన చేసి, మల్లయుద్ధం, గుర్రపుస్వారీ ముగించి, ఆపైన స్నానం చేసేవాడని వ్రాశాడు. అభ్యంగం, వ్యాయామం, స్నానం అనే వాగ్భటుని క్రమమే ఇది. పేసుకు వాగ్భటుడు తెలియడు కనుక ఈ సాక్ష్యానికి విలువ ఎక్కువ.

ఇక పండితులు మాత్రమే తీర్చగల చిక్కు ఒకటున్నది. అది నామనిర్ణయం. తెలుగునాట మందార అనగానే ఎర్రని పూలచెట్టు స్ఫురిస్తుంది. తలనూనెలో ఆ పువ్వులను, తలంటులో ఆ ఆకులను వాడటం ఇంటింటి ఆచారం. సంస్కృతంలో ఆ చెట్టు పేరు జపా. అమరకోశంలో మందారశబ్దం దేవతరువుల పట్టికలో ఒకచోట, పారిభద్రానికి పర్యాయంగా ఒకచోట, అర్కానికి, అనగా జిల్లేడుకు పర్యాయంగా మరొకచోట కనబడుతుంది. జిల్లేడుపాలు కంటబడితే కలిగే హాని పల్లెలో పసివారికి కూడా తెలుసు. సంస్కృతయోగంలోని మందారాన్ని తెలుగుమందారగా భావించడం, తెలుగుమందారను సంస్కృతీకరించే ఉత్సాహంలో జిల్లేడును తెచ్చిపెట్టడం – ఈ రెండు ప్రమాదాలకూ అవకాశమున్నది. తత్సమరూపం ఉన్నంతమాత్రాన అర్థం కూడా తత్సమం కాదన్న పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

సప్తలాశబ్దం మరింత క్లిష్టమైనది. అమరుడు ఒకచోట దానిని నవమాలికకు పర్యాయంగా చెప్పాడు. మరొకచోట సాతలా, భూరిఫేనా, చర్మకషా అనే పేర్లతో కలిపి చెప్పాడు. విశేషంగా నురుగునిచ్చేది, చర్మాన్ని ఒరసి శుభ్రపరచేది అన్న వ్యుత్పత్తులను బట్టి ఇది శీకాయ అని పలువురి అభిప్రాయం. కాని చరకుని కల్పస్థానంలో సప్తలా విరేచనద్రవ్యం. దానిని జెముడుజాతికి చెందిన పాలుగారే మొక్కగా గుర్తించినవారూ ఉన్నారు. తలకు రుద్దుకొనే కాయకూ, ఒంటికి తగిలితే పొక్కులు లేపే పాలమొక్కకూ ఒకే పేరు ఉన్నప్పుడు నిఘంటువు చూసి ఊరుకొనడం చాలునా? కుంకుడుకు పేరైన అరిష్టశబ్దానికి వేప, వెల్లుల్లి, కాకి, పురిటిగది, మరణసూచన కూడా అర్థాలే. భృంగరాజమనగా తెలుగువారికి తెల్లని చిరుపూల గుంటగలగర. బెంగాలులో, కేరళలో పచ్చపూల మొక్క ఒకటి కూడా ఆ పేరుతో చలామణిలో ఉన్నది. ఇంద్రలుప్తానికి, అనగా పేనుకొరుకుడుకు, వాగ్భటుడు చెప్పిన లేపాలలో గురివింద వేరు, కాయ ఉన్నాయి. గురివిందగింజ ఉపవిషాలలో ఒకటి. దాని శోధనవిధి తెలియక లేపాన్ని అనువదించి ప్రచురించడం అపాయకరం.

శ్లోకానికి అర్థం వ్రాసి ద్రవ్యనామాన్ని యథాతథంగా దింపివేయడం మన అనువాదాలలో పరిపాటి అయింది. ప్రతిపదార్థం వ్రాసే ఓపిక ఉన్నవారు కూడా చెట్టుపేరు వచ్చేసరికి 'ఒక ఓషధీవిశేషము' అని దాటివేస్తారు. కావ్యవ్యాఖ్యానంలో ఇది క్షమార్హం కావచ్చు; వైద్యగ్రంథంలో కాదు. సంస్కృతశ్లోకాలను తెలుగు తాత్పర్యంతో అందించిన బసవరాజీయం వంటి గ్రంథం మనకున్నది. అమరానికి గురుబాలప్రబోధిక ఉన్నది. వీటిలోని తెలుగు ఓషధీనామాలను సంస్కృతనామాలతో సరిపోల్చి, జిల్లాలవారీ వ్యవహారనామాలను చేర్చి, వృక్షశాస్త్రజ్ఞుల సహకారంతో నిర్ణయించే పని ప్రాచ్యకళాశాలల పరిశోధనకు తగినంతగా అంశం కాలేదు. అలంకారాలపై, రసంపై వచ్చిన సిద్ధాంతవ్యాసాలతో పోలిస్తే ఈ లోటు మరింత ప్రస్ఫుటమవుతుంది.

ఆలస్యం చేస్తే ఈ పని కష్టతరమవుతుంది. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పులుసు పిసికి తలంటు పోసిన తరం వెనుకబడుతున్నది. ఏ ఆకు ఏ ఋతువులో కోయవలె, నూనె ఏ పాకం వరకు కాచవలె, చుండ్రు ఉన్న తలకు ఏది పనికిరాదు అన్నవి వారి చేతులలో ఉన్న విద్యలు, తాళపత్రాలలో లేవు. వారి స్థానంలోకి వచ్చిన షాంపూ అన్న మాట చరిత్ర కూడా వింతైనదే. ఒళ్ళు పిసుకుట అనే అర్థంలోని హిందీధాతువు నుండి అది ఆంగ్లానికి చేరింది. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ పందొమ్మిదవ శతాబ్ది ప్రథమపాదంలో బ్రైటన్ నగరంలో స్నానశాల నెలకొల్పి ఆ మర్దనవిద్యకు ప్రఖ్యాతి తెచ్చాడు. క్రమంగా మర్దనం పోయి నురుగు మిగిలింది. వాగ్భటుని అధ్యాయానికి జరిగినదీ ఇటువంటిదే.

శాస్త్రగౌరవాన్ని కోరేవారు శాస్త్రం పేరిట జరిగే అతిశయోక్తిని కూడా ఖండించవలసి ఉంటుంది. కొబ్బరినూనె వెంట్రుకలోనికి ఇంకి మాంసకృత్తుల నష్టాన్ని తగ్గిస్తుందనీ, ఖనిజతైలానికి ఆ గుణం లేదనీ 2003లో ప్రకటితమైన పరిశోధన తెలిపింది. ఉన్న జుట్టును కాపాడటానికి నూనె ఉపకరిస్తుందనడానికి ఇది ఆధారం. బట్టతలపై జుట్టు మొలిపిస్తుందనడానికి కాదు. బట్టతలను నివారిస్తామనీ, కొత్త జుట్టు మొలిపిస్తామనీ ఔషధాల పేరిట చెప్పుకొనడాన్ని 1945 నాటి ఔషధనియమావళిలోని 'జె' అనుబంధం నిషేధించింది. చరకుని వాక్యం ఫలశ్రుతివంటిది. మితాహారం, నిద్ర, శౌచం, సద్వృత్తం అనే అంగాలతో కూడిన ప్రయోగానికి చెప్పిన ఫలాన్ని ఒక్క అంగానికి అంటగట్టడం శబ్దప్రమాణాన్ని దుర్వినియోగం చేయడమే. అటువంటి ప్రకటనలకు శ్లోకాలు వెదకి ఇచ్చే పండితులు ఈ మాటను ఆలోచించాలి.

అమరకోశం ద్వితీయకాండలోని వనౌషధివర్గాన్ని కొన్ని తరాలుగా విద్యార్థులు చెట్టు ముఖం చూడకుండా వల్లెవేస్తున్నారు. గుంటగలగరను, నీలిని, జపను కళాశాల ఆవరణలోనే పెంచి, పర్యాయపదాన్ని మొక్క ఎదుట నిలిపి బోధించడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. శీకాయ వంటి అడవితీగెను చూడడానికి మాత్రం అడవికి పోవలసిందే. ఓషధుల పేర్లు, రూపాలు గొల్లలకు, మేకలకాపరులకు, వనచరులకు తెలుసునని చరకుడు సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. పేరు, రూపం తెలిసినంతమాత్రాన ప్రయోగం తెలియదనీ ఆ వెంటనే హెచ్చరించాడు. ప్రయోగం తెలిసిన వైద్యుడు నేడు వైద్యకళాశాలలో ఉన్నాడు. పేరు తెలిసిన పండితుడు ప్రాచ్యకళాశాలలో ఉన్నాడు. రూపం తెలిసిన మేకలకాపరి ఆ రెండింటికీ వెలుపల ఉన్నాడు. ఆ ముగ్గురినీ ఒకచోట కూర్చుండబెట్టిన సభ మన ప్రాంతంలో తరచుగా జరుగుతున్నట్లు కనబడదు.