నేర్చుకోవలసింది ఎవరు?

చూపులేని ఉద్యోగి టీమ్స్‌లోనో స్లాక్‌లోనో వెనకబడితే ఆఫీసుల్లో వినిపించే మాట ఒకటే: "స్క్రీన్ రీడర్ ఉంది కదా, షార్ట్‌కట్లు నేర్చుకుంటే సరి." ఇది పచ్చి తప్పు. షార్ట్‌కట్లు వాళ్లకు ఎప్పుడో వచ్చు. మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతోంది. స్లాక్‌లో ఒక భాగం నుంచి మరో భాగానికి ఎఫ్6తో దాటడం చెయ్యి తిరిగిన పని.

అసలు చిక్కు మీటింగులో. ఎవరో స్క్రీన్ షేర్ చేసి "ఇదిగో ఈ వరుస చూడండి, తేడా ఇక్కడే ఉంది" అంటారు. షేర్ చేసిన స్క్రీన్ అవతలికి చేరేది వీడియోగా. స్క్రీన్ రీడర్‌కు అందులో నేరుగా చదవగలిగే అక్షరం అంటూ ఏదీ దొరకదు. ఏ శిక్షణ తీసుకున్నా దొరకదు. అదే స్లైడును టీమ్స్‌లోని పవర్‌పాయింట్ లైవ్‌లో పెడితే, ఫైలును ముందే పంపితే, పక్కవారితో సమానంగా చదువుకుంటారు. ఆ పని ఎవరి చేతిలో ఉంది? ఈలోగా చాట్‌లో సందేశాలు వస్తుంటాయి. మాట్లాడే మనిషి గొంతు, సందేశం చదివే గొంతు చెవిలో ఒకదాని మీద ఒకటి పడతాయి. చూపున్నవాళ్లు వింటూనే ఓరకంట చాట్ చదివేస్తారు. చెవితోనే రెండూ అందుకోవాల్సినవారు ఏదో ఒకటి వదులుకోవాలి.

హైదరాబాద్ ఆఫీసుల్లో మనం దీనికి ఇంకోటి జోడించాం: తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టడం. స్క్రీన్ రీడర్‌లోని ఇంగ్లిషు గొంతు దాన్ని ఇంగ్లిషులాగే పలుకుతుంది, మాట పోల్చుకోవడానికి అక్షరం అక్షరం వినాల్సి వస్తుంది. తెలుగు లిపిలో రాస్తే ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగులోనే చదవగలదు.

"అన్ని యాక్సెసిబిలిటీ ప్రమాణాలూ ఉన్న సాఫ్ట్‌వేరే కొన్నాం" అంటుంది యాజమాన్యం. ఉండొచ్చు. ఆ ప్రమాణాలు బటన్లకు పేర్లున్నాయో లేదో చూస్తాయి, మీ టీమ్‌లీడర్ వివరణ లేకుండా అతికించే స్క్రీన్‌షాట్‌ను చూడవు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాల ఆన్‌లైన్ గుర్తింపు తనిఖీ (ఇ-కేవైసీ) కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. బ్యాంకు ఖాతాకు వర్తించే న్యాయం రోజంతా చేసే ఉద్యోగానికి వర్తించదని ఎలా అంటాం?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అప్రైజల్. అందులో "పని నెమ్మది" అని రాస్తారు. అలా రాసే మేనేజరు ముందు ఒక లెక్క తీయాలి: ఆ అప్రైజల్ కాలంలో ఆ ఉద్యోగికి చదవగలిగే ఫైళ్లుగా ఎన్ని పంపారు, బొమ్మలుగా ఎన్ని పంపారు? ఆ లెక్క కూడా అప్రైజల్‌లోనే రాయాలి, టీమ్‌లో అందరి పేర్ల పక్కనా.