చోదకుడొక్కడేనా దోషి?

2014వ సంవత్సరము జూలై 24వ తేదీ ఉదయమున మెదకు జిల్లా మాసాయిపేటయొద్ద, కాపలాలేని రైలుగేటును దాటుచుండిన బడిబస్సును నాందేడునుండి వచ్చుచున్న పాసింజరు రైలు ఢీకొనినది. పదిమందికి పైబడిన బాలబాలికలును, వారితోపాటు బస్సు చోదకుడును అసువులు బాసిరి. తెలంగాణ రాష్ట్రమవతరించి అప్పటికి రెండు మాసములైనను నిండలేదు. మంత్రులు వచ్చిరి, పరిహారములు ప్రకటించిరి, విచారణకు ఆజ్ఞలైనవి. కాని విచారణకంటె ముందుగనే తీర్పు వెలువడినది. చోదకుడు సెల్‌ఫోనులో మాటలాడుచుండెననియు, అతడు ప్రతిదినము వచ్చువాడు కాక బదులుగా వచ్చినవాడనియు చెప్పుకొనిన మాటలు సాయంకాలమునకే ఊరూర వ్యాపించినవి. ఆ మాటలు నిజమే కావచ్చును. కాని ఆ మాటలతోనే సర్వమును తేలిపోయినదని తలచుట న్యాయమేనా యనునది మేమిచట ఎత్తిన ప్రశ్న.

మృతుడు తన పక్షమున సాక్ష్యము చెప్పుకొనలేడు. ముద్దాయి మరణించినచో అతనిపై క్రిమినలు కేసు అంతటితో సమసిపోవును. కావున మరణించిన చోదకునిపై నేరమంతయు మోపుట అందరికిని అనుకూలము. పాఠశాల యాజమాన్యమునకు అనుకూలము, రైలుశాఖకు అనుకూలము, వాహనమును పరీక్షించి పత్రమిచ్చిన అధికారికి అనుకూలము. నష్టపడువారు అతని భార్యాబిడ్డలును, రేపు మరియొక గేటును దాటవలసిన మరియొక బస్సులోని పసివారును మాత్రమే. చోదకుడు తప్పు చేసెనని తేలినచోట విచారణ ముగియరాదు. అచటనే ఆరంభము కావలయును. ఆనాడు అతనిని ఆ బస్సుపై నెవరు నియమించిరి? ఆ త్రోవను అతనికెవరైన చూపిరా? ప్రక్కన సహాయకుడుండెనా? ఉన్నచో దిగి చూచెనా? గేటునకు వచ్చువారికి రైలు ఎంత దూరమునుండి కనబడును? అన్నింటికంటె ముఖ్యముగా, బడిపిల్లలు నిత్యము దాటు ఆ త్రోవలో గేటు ఏల లేకపోయెను?

ఇది పాశ్చాత్యులనుండి ఎరువు తెచ్చుకొనిన విచారణ కాదు. మనుస్మృతి అష్టమాధ్యాయమున బండితోలువాని వలన కలుగు హింసనుగూర్చి ఒక ప్రకరణము కలదు. ఆ గ్రంథమందలి ఇతర విషయములతో ఎవరికెట్టి విభేదమున్నను, ఈ ఒక్క విచక్షణ నేటికిని గ్రహింపదగినది. తోలువాడు నేర్పరియై యుండియు హింస జరిగినచో దండనము తోలువానికి. తోలువాడు నేర్పులేనివాడగుటచే బండి పెడదారి బట్టి హింస జరిగినచో దండనము బండి యజమానికి. నేర్పులేనివాని చేతికి పగ్గములిచ్చినవాడే తొలి దోషి యని దాని భావము. ఎద్దులబండ్ల కాలమున తోచిన ఈ న్యాయము మోటారుబస్సుల కాలమున మనకు తోపకపోవుట వింత.

నేటి శాసనము మాత్రము ఏమి చెప్పుచున్నది? కాపలాలేని గేటువద్ద చోదకుడు వాహనము నాపవలెననియు, కండక్టరో, క్లీనరో, సహాయకుడో దిగి పట్టాలవరకు నడచిపోయి, ఇరువైపుల చూచి, రైలు రాదని నిశ్చయించుకొని, వాహనమును ఆవలికి దాటింపవలెననియు, అట్టి సహాయకుడు లేనిచో చోదకుడే స్వయముగ దిగి చూడవలెననియు 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టము 131వ సెక్షను విధించినది. నిర్లక్ష్యముగ దాటినవారికి ఒక వత్సరమువరకు ఖైదు విధింపవచ్చునని 1989వ సంవత్సరపు రైల్వే చట్టము 161వ సెక్షను చెప్పుచున్నది. రైలుశాఖవారు ఈ రెంటిని చూపి, అట్టి గేటులవద్ద జాగ్రత్త యంతయు దారిని పోవువానిదే యని చిరకాలము వాదించిరి. న్యాయస్థానమున ఆ వాదము నిలుచునేమో! కాని ముప్పదిమంది పసిబిడ్డల ప్రాణములను ప్రతి ఉదయమును, ప్రతి సాయంకాలమును, ఒక్క మనిషి ఏమరుపాటునకు గురిచేసియుంచు ఏర్పాటు రాజనీతి కాజాలదు. మనుష్యుడు ఏమరువడని నమ్మి నిర్మించిన ఏర్పాటు మొదటినుండియు లోపభూయిష్టమైనదే.

ఈ సంగతి ప్రభుత్వమునకు తెలియదా? చక్కగా తెలియును. అనిల్ కాకోద్కర్ అధ్యక్షతను నియమింపబడిన ఉన్నతస్థాయి రైల్వే భద్రతాసమీక్షా సంఘము 2012 ఫిబ్రవరిలో నివేదిక నొసంగినది. కాపలా ఉన్నవి, లేనివి యను భేదము లేకుండ గేటులన్నింటిని అయిదేండ్లలో తొలగింపవలెనని ఆ సంఘము సిఫారసు చేసినది. అందులకు 50,000 కోట్ల రూపాయలు కావలెననియు, ఆ సొమ్ము ఏడెనిమిది వత్సరములలో మిగులుబాటుచే తిరిగి రాగలదనియు లెక్కగట్టి చూపినది. 2014 ఏప్రిల్ 1వ తేదీనాటికి దేశమున 11,563 కాపలాలేని గేటులుండెను. మాసాయిపేటలోనిది వానిలో నొకటి. నివేదిక వచ్చిన రెండేండ్ల అయిదు నెలలకు అచట బిడ్డలు మరణించిరి.

మాసాయిపేట తరువాతనైనను మేలుకొంటిమా? కొంత పని జరిగినమాట వాస్తవము. జరుగవలసిన వేగముతో జరుగలేదు. సంఘమువారు సూచించిన అయిదేండ్ల గడువు 2017తో తీరిపోయినది. 2018 ఏప్రిల్ 26వ తేదీన ఉత్తరప్రదేశమున కుశీనగర్ జిల్లాలో, కాపలాలేని మరియొక గేటువద్ద, మరియొక బడివాహనమును మరియొక పాసింజరు రైలు ఢీకొనినది. పదుమువ్వురు బాలలు మరణించిరి. అచట దారినిపోవువారిని హెచ్చరించుటకు గేటుమిత్ర యను పేర ఒక మనిషిని నిలిపియుండిరి. అతని హెచ్చరిక బస్సునాపలేకపోయెను. చోదకుని చెవులలో ఇయర్‌ఫోనులుండెనని అప్పుడును చెప్పిరి. నాలుగేండ్ల క్రింద మెదకు జిల్లాలో విన్న కథయే హిందీభాషలో తిరిగి వినబడినది.

ఇంతలో ఒక విశేషము జరిగినది. కుశీనగర్ దుర్ఘటనానంతరము రైలుశాఖవారు నడుముగట్టి, కొన్ని గేటులను మూసి, కొన్నిటిని ప్రక్క గేటులతో కలిపి, కొన్నిటికి పట్టాలక్రింద సొరంగమార్గములు త్రవ్వి, కొన్నిటికి కాపలావారినిచ్చి, 2019 జనవరి 31వ తేదీలోపల బ్రాడ్‌గేజి మార్గములందలి కాపలాలేని గేటులను సర్వము తొలగించిరి. మేము వారిని మనసార అభినందించుచున్నాము. కాని ఆ అభినందనముతోపాటు ఒక ప్రశ్నయు పుట్టుచున్నది. దుర్ఘటన జరిగిన పదునెలలలో ముగింపగలిగిన పనిని అంతకుముందేల ముగింపకపోయిరి? ధనము లేదన్న వాదము, సాధ్యము కాదన్న వాదము, 2019 జనవరితో కూలిపోయినవి. చోదకుని ఫోనునుగూర్చి దేశమున జరిగిన చర్చయంతయు ఒక్క గేటునైనను కట్టలేదు. గేటులు లేకుండుటయే దోషమని ఒప్పుకొనిన దినముననే పని నడచినది. ఇదియే మా వాదమునకు ప్రబల ప్రమాణము.

అయినను కథ ముగియలేదు. 2025 జూలై 8వ తేదీన తమిళదేశమున కడలూరు సమీపమందలి సెమ్మంగుప్పములో, కాపలావాడున్న గేటువద్దనే, బడివ్యానును రైలు ఢీకొనినది. మువ్వురు విద్యార్థులు మరణించిరి. గేటు దాటింపుమని వ్యాను చోదకుడే పట్టుపట్టెనని రైలుశాఖవారు తొలుత ప్రకటించిరి. కాని ఈసారి చోదకుడు బ్రతికియుండెను. గేటు తెరచియే యుండెననియు, తానెవరిని అడుగలేదనియు అతడు చెప్పెను. గాయపడిన బాలుడును అట్లే చెప్పెను. కాపలావాడు సస్పెండై అరెస్టు చేయబడెను. చోదకుడు మరణించియుండిన యెడల ఏ కథ నిలిచియుండెడిదో పాఠకులే ఊహించుకొందురు గాక! మరియు ఇచట కూడ ఒక్క కాపలావానితో విచారణ తీరదు. ఆ గేటునకు సిగ్నలుతో అనుసంధానము లేదు. అనుసంధానమున్నచో గేటు పడనిదే సిగ్నలు పచ్చకాదు; రైలు రాదు. లేనిచోట స్టేషను మాస్టరు టెలిఫోనులో అడుగుటయు, కాపలావాడు మూసితినని చెప్పుటయు మాత్రమే ఆధారము. అనగా ఉక్కుతో కట్టవలసిన రక్షణను నోటిమాటతో కట్టిరి.

విచారణ యెట్లుండవలెనో తెలిసికొనుటకు పరదేశములోని యొక ఉదాహరణమును చూతము. 1988 మే 14వ తేదీ రాత్రి అమెరికాలో కెంటకీ రాష్ట్రమందలి కారల్టన్ వద్ద, త్రాగినమైకమున తప్పుదారిని వచ్చిన ఒక ట్రక్కు, ఒకప్పుడు బడిబస్సుగ నుండి పిదప ఒక చర్చివారి స్వంతమైన బస్సును ఢీకొనినది. అందలి 67 మందిలో 27 మంది మరణించిరి. వారిలో పెక్కురు బాలలే. దోషి యెవడో తెలియుటకు విచారణయే అక్కరలేదు. న్యాయస్థానము వానిని శిక్షించినది. కాని ఆ దేశపు జాతీయ రవాణా భద్రతామండలి అంతటితో తృప్తి చెందలేదు. దోషిని శిక్షించుట ఆ మండలి పనికాదు. కారణమును కనుగొనుటయే దాని పని. ఆ మండలి విచారణలో ఘోరమైన సత్యమొకటి బయటపడినది. ఢీకొనిన దెబ్బచే ఒక్కరును మరణించలేదు. అందరును మంటచేతను, పొగచేతను మరణించిరి. ముందు తలుపు బిగిసిపోయినది. దాని వెనుకనే యున్న పెట్రోలు తొట్టి పగిలినది. ఆసనముల మెత్తలు విషధూమము గ్రక్కినవి. వెనుక ద్వారమునకు పోవు నడవ మిక్కిలి ఇరుకు. తొట్టికి రక్షణను విధించు క్రొత్త నిబంధనలు 1977 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినవి. ఆ బస్సు అంతకు కొద్దిదినముల ముందు తయారైనది. పిదప కెంటకీ రాష్ట్రము తన బడిబస్సులకు అధికముగ అత్యవసరద్వారములను విధించినది. త్రాగుబోతు చెరసాలకు పోయెను. కాని తరువాతి పిల్లలను కాపాడునది ఆ ద్వారములే.

మనదేశమున రైలుప్రమాదముల విచారణకు ఇట్టి యొక ఏర్పాటు అరకొరగనైనను కలదు. రైల్వే భద్రతా కమీషనరు రైలుశాఖకు లోబడినవాడు కాడు. పౌరవిమానయాన మంత్రిత్వశాఖ క్రిందివాడు. తన పనిని తానే విచారించుకొనుట తగదని 1941లోనే ఆ తనిఖీని రైల్వే బోర్డునుండి వేరుచేసిరి. ఆయన యెదుట చెప్పిన సాక్ష్యము చెప్పినవానిపై కేసులలో వినియోగింపబడరాదని చట్టము అభయమిచ్చినది. ఏలయన, భయపడువాడు నిజము చెప్పడు. కాని రోడ్డుపై బడిబస్సు పడినచో ఏమున్నది? పోలీసుల కేసును, మోటారువాహనముల ఇన్‌స్పెక్టరు పరీక్షయు మాత్రమే. ప్రమాదకారణములను లోతుగ శోధించుటకు పథకములు చేయవచ్చునని మోటారువాహనముల చట్టము 135వ సెక్షను రాష్ట్రప్రభుత్వములకు అధికారమొసంగినది. 2019 సవరణచే కేంద్రమునకును అట్టి అధికారము కలిగినది. కాని "వచ్చును" అను మాట ప్రభుత్వమునకు దొరికిన మెత్తని దిండు వంటిది. దానిని "వలయును" అని మార్చనిదే మేలుకొనుట కల్ల.

చోదకులను మేము వెనుకవేసికొని వచ్చుచున్నామని కొందరనవచ్చును. అట్లుకాదు. ఫోనులో మాటలాడుచు పసిబిడ్డలను పట్టాలపైకి తోలినవాడు శిక్షార్హుడే. అందు సందేహము లేదు. కాని శిక్ష జరిగినదానికి సమాధానము. విచారణ జరుగబోవుదానికి రక్షణ. మొదటిది జరిగినదని రెండవది మానుట, దొంగను పట్టితిమిగదా యని తలుపునకు గొళ్లెము పెట్టకుండుట వంటిది.

మన పాఠకులలో అనేకులు బిడ్డలను పట్టణపు బడులకు బస్సులలో పంపువారు. కొందరు ఆ బడుల పాలకవర్గములలోనివారు. మరికొందరు గ్రామపంచాయతీలలో పలుకుబడిగలవారు. వారికొక మాట చెప్పవలసియున్నది. 1997లో సుప్రీముకోర్టు ఢిల్లీ నగరపు బడిబస్సులనుగూర్చి ఆజ్ఞలిచ్చుచు, చోదకునకు అయిదేండ్ల అనుభవముండవలెననియు, బస్సులో సహాయకుడుండవలెననియు, వేగనియంత్రణ యుండవలెననియు విధించినది. బడి ఫీజులు ఎంతయని అడుగు తండ్రి, బస్సు తోలువాడెవడు, అతడు రానినాడు వచ్చువాడెవడు, ప్రక్కన నిలుచువాడెవడు అని ఎన్నడైన అడిగెనా? రంగురంగుల భవనములు కట్టు యాజమాన్యము సహాయకుని జీతమువద్ద చేయి బిగించుచున్నదేమో చూచెనా? వేసవి ముగిసి బడులు తెరచునాటి ఫిట్‌నెసు పరీక్షలో బ్రేకులను చూతురు. బదులు చోదకుని యోగ్యతను చూచువారెవరు?

మా కోరిక స్పష్టము. బడిపిల్లలు మరణించిన ప్రతి రోడ్డుప్రమాదమును పోలీసులతోను, రవాణాశాఖతోను సంబంధము లేని స్వతంత్రాధికారి విధిగా విచారింపవలెను. ఆ నివేదిక ప్రజల భాషలో ప్రకటింపబడవలెను. అందలి ప్రతి సిఫారసునకును ప్రభుత్వము గడువులోపల శాసనసభలో సమాధానము చెప్పవలెను: చేసితిమనియో, చేయమనియో, ఏల చేయమనియో. 2012 నాటి సిఫారసునకు ఇట్టి సమాధానము తప్పనిసరియై యుండిన యెడల ఆ 11,563 గేటులలో ఎన్ని అంతవరకు నిలిచియుండెడివో, ఎందరు బిడ్డలు నేడు యువకులై తిరుగుచుండెడివారో ప్రభుత్వమువారే లెక్కించుకొందురు గాక. పరిహారపు చెక్కుతో ప్రభుత్వపు ఋణము తీరదు. ఆ బిడ్డలేల మరణించిరో నిజముగ తెలిసికొని, ఆ కారణమును భూమిపై లేకుండ చేసిననాడే అది తీరును.