ఏదో కుట్టిపెట్టానంతే!

మొన్న మా పాప స్కూల్ వార్షికోత్సవం డాన్సుకి లైట్లు వెలిగే లంగా తయారుచేశాం. "చేశాం" అంటున్నాను గానీ, ఆ రోజు మెచ్చుకోళ్ళన్నీ మా అబ్బాయికే. "ఇంజనీరింగ్ బుర్రంటే ఇదీ!" అన్నారందరూ. ఒకావిడ నావైపు తిరిగి "మీరూ సాయం చేశారా?" అంది. "ఆఁ, ఏదో కుట్టిపెట్టానంతే" అన్నాను నవ్వుతూ. ఆ మాట నన్నిప్పటికీ గుచ్చుతూనే ఉంది.

అసలు జరిగింది చెప్తాను. వాడు రెండు మీటర్ల ఎల్‌ఈడీ స్ట్రిప్, ఆర్డుయినో నానో బోర్డు తెచ్చి ప్రోగ్రాం రాశాడు. మొత్తం 60 లైట్లు. తెల్లగా పూర్తిగా వెలిగితే ఒక్కోటి 60 మిల్లీయాంప్స్ దాకా లాగుతుందట. అన్నీ కలిస్తే 3.6 యాంప్స్. మా పవర్ బ్యాంక్ ఇచ్చేది రెండే. అందుకని వెలుతురు పావువంతుకి తగ్గించాడు. తెలివైన పనే, కాదనను.

కానీ రిహార్సల్లో పాప కింద కూర్చుంటే చాలు, లైట్లు ఆరిపోయేవి. వాడు రెండు రాత్రులు ప్రోగ్రాంలో తప్పు వెతికాడు. నేను లంగా తిరగేసి చూశాను. నడుము దగ్గర్నుంచి అంచు దాకా వైరు బిగుతుగా ఉంది. కూర్చున్నప్పుడల్లా ఆ లాగుడంతా సోల్డరింగ్ అతుకు మీద పడి అది ఊడొస్తోంది. వాడు మళ్ళీ అతికించాడు. నేను వైరు కాస్త వదులుగా పెట్టి, అతుక్కి కొంచెం పైన గుడ్డకి గట్టిగా నాలుగు టాకాలు వేశాను. ఇక లాగినా ఆ బరువు గుడ్డదే. స్ట్రిప్‌ని లోపలివైపు విడి పట్టీలో దూర్చాను, ఉతికేటప్పుడు తీసేయొచ్చని. మళ్ళీ ఒక్క లైటూ ఆరలేదు.

తర్వాత చదివితే తెలిసింది. లియా బ్యూక్లీ అనే ఆవిడ బట్టల కోసమే లిలీప్యాడ్ ఆర్డుయినో అనే బోర్డు రూపొందించారు. 2007లో అమ్మకానికి వచ్చింది. పువ్వులా గుండ్రంగా ఉండి, అంచు చుట్టూ కన్నాలుంటాయి. కరెంటు పారే దారంతో సూదిపెట్టి కుట్టడమే! అక్కడ కుట్టే వైరింగు.

మరి మనింట్లో మాత్రం అబ్బాయి చేస్తే టెక్నాలజీ, అమ్మ చేస్తే కుట్టుపని ఎందుకయింది? ప్రోగ్రాం లేకపోతే లైట్లు వెలగవు, నిజమే. కుట్టు సరిగ్గా లేకపోయినా వెలగలేదుగా! లోకం చిన్నచూపు చూసిందని ఏడుస్తాం గానీ, ముందు "ఏదో" అన్నది నేనే. పక్కనే ఉన్న పాప అది విన్నది. "లైట్లు నిలబడింది నీ వల్లే కదమ్మా, అలా ఎందుకన్నావ్?" అని ఇంటికొచ్చాక అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు పాప వాళ్ళన్న దగ్గర ప్రోగ్రాం నేర్చుకుంటోంది. వాడికి నేను టాకాలు నేర్పుతున్నాను. మొదటిరోజే వేలికి గుచ్చుకుని "ఇదంత తేలికేం కాదమ్మా" అన్నాడు.

ఈసారి మాత్రం నేను "ఏదోలే" అనలేదు. "అవును, కాదు" అన్నాను.