అప్సర పీతకు పుట్టిల్లు ఏది?

చెట్టు బంకలో చిక్కుకుని దాదాపు 10 కోట్ల సంవత్సరాలపాటు చెక్కుచెదరకుండా నిలిచిన ఒక చిన్న పీత 2021 అక్టోబరులో శాస్త్ర ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. మయన్మార్ ఉత్తర భాగంలోని కచిన్ రాష్ట్రపు గనులలో లభించే అంబర్‌లో, అంటే శిలాజంగా మారిన ప్రాచీన వృక్షాల బంకలో, ఇది బయటపడింది. కాళ్లు చాపినా 5 మిల్లీమీటర్లకు మించని ఈ జీవికి శాస్త్రజ్ఞులు 'క్రెటాప్సర అథనాట' అని నామకరణం చేశారు. క్రెటేషియస్ యుగం పేరుకు మన పురాణాలలోని అప్సరసను జోడించి, అమరత్వాన్ని సూచించే గ్రీకు పదాన్ని చివర చేర్చారు. పేరులో ఆసియా సంస్కృతికి సముచిత స్థానం లభించింది. ఆ పీతను దాచుకున్న నేలకు, దానిని తవ్వి తీసిన చేతులకు లభించినదేమిటన్నదే ప్రశ్న.

పరిశోధన గొప్పతనాన్ని తక్కువ చేయనవసరం లేదు. పీత చనిపోయిన కొద్దికాలానికే దాని కీళ్లు విడిపోతాయి. అందువల్ల శిలలలో సాధారణంగా దొరికేది ఒక డెక్కో, పైచిప్ప ముక్కో మాత్రమే. వాటి ఆధారంగా జాతిని నిర్ధారించడం కష్టసాధ్యం. ఈ పీత విషయంలో అంబర్ ముక్కను పగులగొట్టకుండానే ఎక్స్‌రే సిటి స్కానింగ్ ద్వారా దేహమంతటినీ త్రిమితీయంగా చిత్రించగలిగారు. కళ్లు, మీసాలు, నోటి భాగాలపై ఉన్న సన్నని నూగు, చివరకు మొప్పలు సైతం కనిపించాయి. మొప్పలు ఉన్నందున అది నీటితో సంబంధం గల జీవి అని తేలింది. చెట్టు బంకలో చిక్కినందున సముద్రానికి ఎడంగా మంచినీటిలోనో, ఉప్పు తక్కువైన నీటిలోనో అది జీవించి ఉంటుందని జేవియర్ లూకే, లిడా షింగ్ ప్రభృతుల బృందం భావించింది. సముద్రపు పీతల నుంచి ఇతర పీతలు 12 కోట్ల సంవత్సరాలకు పూర్వమే విడిపోయాయని జన్యు అధ్యయనాలు చెబుతుండగా, శిలాజ సాక్ష్యం మాత్రం అంత వెనుకకు వెళ్లలేదు. ఆ అంతరాన్ని ఈ చిన్న జీవి చాలావరకు పూరించింది.

ఇంతటి సాక్ష్యం శాస్త్రజ్ఞులకు చేరిన మార్గం మాత్రం గర్వించదగినది కాదు. కచిన్ గనులలో దొరికిన అంబర్ ఆభరణాల బజారుకు చేరగా, 2015లో చైనాలోని యునాన్ రాష్ట్రానికి చెందిన ఒక మ్యూజియం దీనిని కొనుగోలు చేసింది. శిలాజాల ఎగుమతిపై మయన్మార్‌లో ఆంక్షలు ఉన్నా, అంబర్‌ను రత్నాల కోవలో చేర్చినందున అది సులభంగా సరిహద్దు దాటుతున్నది. 2017 జూన్‌లో మయన్మార్ సైన్యం తనై ప్రాంతంలోని గనులపై విరుచుకుపడగా వేలాది ప్రజలు ఇళ్లు విడిచి తరలిపోయారు. 2020లో వెన్నెముక గల జీవుల శిలాజాలను అధ్యయనం చేసే అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం, ఆ తేదీ తరువాత సేకరించిన అంబర్ శిలాజాలపై పరిశోధన పత్రాలను ప్రచురించవద్దని శాస్త్ర పత్రికలను కోరింది. అప్సర పీత ఆ తేదీకి ముందే సేకరించినది కనుక ఆ అభ్యంతరం దానికి వర్తించదు. అయితే ఒక తేదీతో సమస్య మొత్తం తీరిపోదు.

శాస్త్రజ్ఞులు కొనకపోతే ఇటువంటి శిలాజాలు ఉంగరాలలో, హారాలలో పొదిగిపోయి శాశ్వతంగా కనుమరుగవుతాయన్నది ఒక వాదన. ఇందులో సత్యం లేకపోలేదు. కాని విజ్ఞానం కోసం చెల్లించే ధర కూడా వేటకు ప్రోత్సాహమేనన్న సంగతిని ఈ వాదన విస్మరిస్తున్నది. అంతకన్న ముఖ్యం, చేతులు మారిన శిలాజం ఏ గనిలో, ఏ పొరలో దొరికిందో చెప్పేవారుండరు. ఆ వివరం లేని శిలాజం సగం మూగది.

ఈ సత్యం మన దేశానికి కొత్త కాదు. సింధ్, కచ్ ప్రాంతాల పీత శిలాజాలను వర్ణిస్తూ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా 1871లోనే గ్రంథం వెలువరించాడు. తరువాత వచ్చిన సరిహద్దు సింధ్‌ను పాకిస్తాన్‌కు, కచ్‌ను భారత్‌కు పంచింది. అయినా దొరికిన ప్రాంతం నమోదైనందుననే ఆ శిలాజాలు నేటికీ ఇరుదేశాల పరిశోధకులకు ఉపకరిస్తున్నాయి. ఇందుకు భిన్నంగా, హిమాలయాలలో దొరికినవిగా ప్రచురించిన అనేక శిలాజాలు వాస్తవానికి ఇతర దేశాలవని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ 1989లో వెల్లడించినప్పుడు, భారత విజ్ఞానశాస్త్ర ప్రతిష్ఠకు తీరని కళంకం ఏర్పడింది. పుట్టిల్లు తప్పుగా చెప్పిన శిలాజం లేని శిలాజం కన్న ప్రమాదకరం.

2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాలు, అవశేషాల పరిరక్షణకు ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. ఉద్దేశం హర్షణీయమే. అధికారాలన్నీ భూగర్భ సర్వేక్షణ సంస్థ చేతిలో కేంద్రీకృతమవుతాయని పలువురు శాస్త్రజ్ఞులు వ్యక్తం చేసిన ఆందోళన కూడా సహేతుకమే. శిలాజాన్ని మొదట చూసేది అధికారి కాదు. పొలం దున్నే రైతు, రాయి కొట్టే కూలీ, పశువులు కాచే బాలుడు. వారిని నేరస్తులుగా చూసే చట్టం శిలాజాలను చీకటి బజారుకే నెడుతుంది. దొరికినదానిని అప్పగించిన వారికి తగిన పారితోషికం, వారి పేరుకు రికార్డులో చోటు, దొరికిన జిల్లాలోనే ప్రదర్శనశాల, విశ్వవిద్యాలయాలకు పరిశోధనావకాశం కల్పించే చట్టం కావాలి.

కచిన్ మనకు దూరదేశం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అస్సాంలోని లెడో నుంచి వేసిన రహదారి ఈ గనులున్న హుకాంగ్ లోయ గుండానే సాగింది. పొరుగింట జరుగుతున్న నష్టం రేపు మన గడపలోనూ జరగవచ్చు. పీతకు అప్సర పేరు పెట్టడం సులువు. దానిని వెలికితీసిన కార్మికునికి న్యాయం చేయడమే కష్టం. ఆ కష్టానికి పూనుకున్ననాడే శిలాజ విజ్ఞానం పరిపూర్ణమవుతుంది.