పాతబియ్యమునకు వెల యేల హెచ్చు?

పాతబియ్యము క్రొత్తబియ్యముకంటె ప్రియమేల యని మనలో ననేకులు ప్రశ్నింతురు. దీనికి దూరదేశపు దృష్టాంత మొకటి కలదు.

సామాన్యమైన బీరు ఉక్కుతొట్లలో కొలది వారములకే సిద్ధమగును. కొందఱు దానినే, విస్కీ నిలువయుంచిన ఓకుకొయ్య పీపాలలో పోసి, నెలల తరబడి, ఒక్కొక్కప్పు డేడాదికి పైగా మాగనిత్తురు. పీపాలు కొనవలెను, వానికి చోటు కావలెను, కొంత కొయ్యగుండ నావిరియై పోవును, కొన్ని పీపాలలోనిది పులిసి చెడును, అంతకాలమును పెట్టుబడి చేతికి రాదు. అందుచే దాని వెల హెచ్చు. మన చౌటుప్పల్ ప్రాంతపు తాటికల్లు నాటికి నాడే పులియును గావున, దానికి మాగుట యను మాటయే లేదు.

బియ్యమునకును పై న్యాయమే. నిలువలో తేమ తగ్గి తూకము తఱుగును. పురుగు భయము, కొట్టు అద్దె, సొమ్ముపై వడ్డీ ధరలో జేరును. అయినను పాతబియ్యము నీరు హెచ్చుగా పీల్చి యొదుగును. అన్నము పొడిపొడిగా నుండును.

కాని వేచియుండగలవారికే యీ లాభము. అప్పులకై కల్లములోనే ధాన్యమమ్మిన రైతు, వేసవిలో హెచ్చువెలకు బియ్యము కొనవలసివచ్చుట కద్దు. కావున నమ్మకమునకు ముందే, యింటి తిండికి చాలు ధాన్యమును తీయించి, బాగుగ నెండబెట్టి, ఎండిన వేపాకు కలిపి, నేలతేమ తగులకుండ బల్లపై నిలువచేయుడు. కాలమునకిచ్చు కూలి మీ యింటనే మిగులును.