సౌరవిద్యుత్తునకు అప్పు – ముందు లెక్క, పిమ్మట సంతకము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఎండకు కొఱత లేదు. ఆ యెండను విద్యుత్తుగా మార్చి యమ్ముకొనుడని చెప్పువారికిని ఇటీవల కొఱత లేదు. ఒకరు పొలము కౌలున కిమ్మందురు. ఒకరు గిడ్డంగి కప్పు నిమ్మందురు. మఱియొకరు బ్యాంకి యప్పు తామే యిప్పించెద మందురు. ఈ మాటలన్నియు అసత్యములని మా యభిప్రాయము గాదు. కాని సంఘముయొక్క ధనము సభ్యుల ధనము. కావున సంతకమునకు ముందు లెక్క చూచుకొనుట పాలకవర్గమువారి ధర్మము. ఆ లెక్కను సభ్యుల యెదుట నుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట నొక సంగతి గమనింపవలెను. 2004 మొదలు మన బావులమోటార్లకు విద్యుత్తు ఉచితము. ఉచితముగ వచ్చుదానికి బదులుగ అప్పుచేసి పలకలు పెట్టుకొన్న రైతునకు బిల్లులో మిగులున దేమియు లేదు. బిల్లు చెల్లించుచున్నది బావి గాదు. బియ్యపు మర, జిన్నింగు మర, మిరపకాయల శీతలగిడ్డంగి, పాల కేంద్రము, సంఘపు కార్యాలయము. కావున సౌరవిద్యుత్తునకై చేయు అప్పు మన జిల్లాలలో సేద్యపు టప్పు గాదు, వ్యాపారపు టప్పు. దానిని వ్యాపారపు కన్నుతోడనే చూడవలెను.

ఒక సంఘమునకు బియ్యపు మర యున్నదనుకొందము. దాని కప్పుపై 40 కిలోవాట్ల పలకలు పెట్టుటకు, కిలోవాటునకు 50,000 రూపాయల చొప్పున, 20 లక్షలు కావలెను. మన ప్రాంతపు టెండలో కిలోవాటునకు ఏటికి సుమారు 1,400 యూనిట్లు వచ్చును. మొత్తము 56,000 యూనిట్లు. 2022–23 ధరల పట్టిక ననుసరించి చిన్న పరిశ్రమకు యూనిటు వెల 7 రూపాయల 70 పైసలు. ఆ యూనిట్లన్నియు మరలోనే వినియోగమైనచో ఏటికి 4,31,200 రూపాయల బిల్లు తగ్గును. కడుగుటకు, కాపలాకు, బీమాకు 31,200 తీసివేసినను 4 లక్షలు మిగులును. నూటికి పది వడ్డీతో తెచ్చిన 20 లక్షల యప్పు ఎనిమిదవ యేట తీఱిపోవును. పలకలు ఇరువదియైదేండ్లు పనిచేయును.

అదే విద్యుత్తును వాడుకొనక యమ్ముకొన్నచో నేమగును? 2019లో ప్రారంభమైన కుసుమ్ పథకపు ‘ఎ’ విభాగమున రైతులును, సహకార సంఘములును, పంచాయతీలును సబ్‌స్టేషనునకు ఐదు కిలోమీటర్లలోపల 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్లవఱకు కేంద్రములు నిర్మించి, ఇరువదియైదేండ్ల ఒడంబడికతో విద్యుత్తు నమ్మవచ్చునని నియమించిరి. తెలంగాణమున ఈ విభాగమునకు నిర్ణయమైన వెల యూనిటునకు 3 రూపాయల 13 పైసలు. పైన చెప్పిన 56,000 యూనిట్లకు ఈ వెల కట్టి చూడుడు; 1,75,280 రూపాయలు. మొదటి యేటి వడ్డీయే 2 లక్షలు! ఒకే పలక, ఒకే యెండ. వాడుకొన్న యూనిటు అప్పు తీర్చును, అమ్ముకొన్న యూనిటు వడ్డీకైనను చాలదు.

పెద్ద కేంద్రమునకు కిలోవాటు ఖర్చు తగ్గునందురు. నిజమే. ఒక మెగావాటునకు 4 కోట్లనుకొందము. 1 కోటి 20 లక్షలు సంఘము పెట్టి, 2 కోట్ల 80 లక్షలు నూటికి పది వడ్డీకి తెచ్చినచో, పదునాలుగేండ్ల వాయిదాలలో మొదటి యేట అసలు 20 లక్షలు, వడ్డీ 28 లక్షలు. 15 లక్షల యూనిట్ల యమ్మకమున వచ్చునది 46,95,000. లక్షకు పైగా లోటు! 2020లో ఏర్పడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధినుండి 2 కోట్లవఱకు గల యప్పుపై ఏడేండ్లు నూటికి 3 రూపాయల వడ్డీ రాయితీ కలదు. 2024 ఆగస్టులో కుసుమ్ ‘ఎ’ విభాగమును దానితో జోడించుటకు కేంద్రమంత్రివర్గ మంగీకరించెను. ఆ రాయితీ వచ్చిననే యేటికి 6 లక్షలు కలిసి, లెక్క నిలుచును. కావున దరఖాస్తునాటికి రాయితీ తమకు లభించునో లేదో బ్యాంకివారిచే వ్రాయించుకొనవలెను. నోటిమాట చాలదు.

కంపెనీవారే పెట్టుబడి పెట్టి, మన కప్పుపై పలకలు నిలిపి, విద్యుత్తును మనకే యమ్ము పద్ధతియు నొకటి కలదు. చేత ధనము లేని సంఘమున కిది అనుకూలమే. కాని వెల యేటేట నెంత పెరుగునో చూడవలెను. 5 రూపాయలకు మొదలై యేటికి నూటికి ఐదు చొప్పున పెరిగినచో, పదియేండ్ల పిమ్మట 8 రూపాయలు దాటును. నేడు లాభమని తోచినది రేపు భారమగును.

సింగరేణి కంపెనీవారు బొగ్గు త్రవ్వువారు. వారును భూపాలపల్లిలో 10 మెగావాట్ల సౌరకేంద్రము నిర్మించుకొనిరి. తమ గనులకై కొనెడి విద్యుత్తు ఖర్చు తగ్గించుకొనుటయే వారి యుద్దేశము. ముందు స్వంత వాడుక, పిమ్మట అమ్మకము. పెద్ద కంపెనీ పాటించిన యీ సూత్రము చిన్న సంఘమునకు మఱింత యవసరము.

ఇది సహకార సంఘములవలన నగు పని కాదని కొందఱందురు. సిరిసిల్లలో 1970 మొదలు సహకార సంఘమే విద్యుత్తు సరఫరా చేయుచున్నది. గుజరాతు రాష్ట్రమున ఢూండి గ్రామమందు 2016లో ఆఱుగురు రైతులు సంఘముగా నేర్పడి, తమ సౌరపంపుల మిగులు విద్యుత్తును యూనిటు 4 రూపాయల 63 పైసల చొప్పున అమ్మిరి. అయితే వారికి వచ్చిన వెల వేఱు, మనకు వచ్చు వెల వేఱు. వారి ధైర్యమును గ్రహింతము. వారి లెక్కను గ్రహింపరాదు.

మఱియొక చిక్కు కలదు. మన మరలు ఏడాది పొడుగున నాడవు. వానకాలపు పంట, యాసంగి పంట వచ్చిన నెలలలో నాడి, తక్కిన నెలలలో తాళము వేసియుండును. ఆ నెలలలో మిగిలిన యూనిట్లకు డిస్కమువారిచ్చు వెల, మనము కొను వెలకంటె చాల తక్కువ. కనుక పై ఎనిమిదేండ్ల లెక్క, యూనిట్లన్నియు వాడుకొను మరకే వర్తించును.

కావున మేము సూచించున దిది. పండ్రెండు నెలల బిల్లులు ముందుంచుకొని, పగటి వాడుక మిక్కిలి తక్కువగానున్న నెలకు సరిపోవునంత కేంద్రమే మొదట కట్టవలెను. ఖర్చులో నాలుగవ వంతైనను సంఘపు స్వంత నిధినుండి పెట్టవలెను. పదియేండ్లకొకసారి ఇన్వర్టరు మార్చవలసివచ్చును. అందులకై మొదటి యేటినుండియే కొంత సొమ్ము వేఱుగ నుంచవలెను. గాలివాన, వడగండ్లు, కోతులు – ఈ మూడింటివలని నష్టమును బీమాపత్రము భరించునో లేదో చదువవలెను. ఒడంబడికను తెలుగున వ్రాయించి, సర్వసభ్య సమావేశమున బిగ్గరగ చదివించిన పిమ్మటనే అధ్యక్షుడు సంతకము చేయవలెను.

ఎండ యెవరి యప్పునకును వేచియుండదు, రేపును కాయును. ఒక నెల యాలస్యమైనను లెక్క సరిచూచుకొన్న సంఘమునకు నష్టము లేదు. లెక్క చూడక చేసిన సంతకమునకు ఇరువదియైదేండ్లు చెల్లింపవలసినవారు మన బిడ్డలు.